గాలిపంకా, దాని త్రిప్పుబలము

 

ఈ పూట మీతో ముచ్చటించుటకు నేను తెచ్చిన విషయము వినినంతనే పట్టణపు యంత్రశాలలకు చెందినదిగా తోచును. కాని దాని మూలము మీ ఊరి కమ్మరి కొలిమియొద్దనే యున్నది. కావున శాస్త్రము పేరు వినగానే రేడియో కట్టివేయవలదని ముందుగా మనవి చేసికొనుచున్నాను.

మొదట ఒక ప్రశ్న. కొలిమిలో నిప్పు ఊదుటకు చేతితో త్రిప్పు గాలిపంకా నొకదానిని మీరు త్రిప్పుచున్నారనుకొనుడు. గాలి బయటికి వచ్చు మూతిని ఇంకొకరు అరచేతితో గట్టిగా మూసివేసిరి. అప్పుడు మీ చేతికి పిడి బరువగునా, తేలిక యగునా? ఈ ప్రశ్న నేను పలువురిని అడిగితిని. పదిమందిలో తొమ్మండుగురు బరువగుననియే చెప్పిరి. వారు అట్లు చెప్పుటకు కారణము లేకపోలేదు. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి నొక్కినచో చేయి ముందుకు సాగదు. దారి మూసినకొలది పని బరువగుట లోకములో మనము నిత్యము చూచునదే. నేనును చదువుకొన్నవాడనై యుండియు ఆ తొమ్మండుగురిలో నొకడనైతిని. దానివలన మా చిన్నాయనకు ఒక పంటలో సగము నష్టము వచ్చినది. ఆ కథయే ఇప్పుడు చెప్పబోవుచున్నాను.

మాది తొండుపల్లి. హైదరాబాదునుండి దక్షిణముగా బెంగుళూరు పోవు పెద్దబాటమీద శంషాబాదు దగ్గరి గ్రామము. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన పిమ్మట మా ప్రాంతము పేరు దేశదేశములవారికి తెలిసినది. నగరము చుట్టును వేసిన వలయరహదారి యును మా పొలిమేరనుండియే పోవుచున్నది. విమానము తలమీదుగా పోవునప్పుడు మాట ఆపి, అది పోయిన పిదప అదే మాటను మరల అందుకొనుట మావారికి అలవాటైపోయినది. ఇంత జరిగినను ఊరిలో వ్యవసాయము మానుకొనని కుటుంబములు కొన్ని మిగిలియున్నవి. మా చిన్నాయనది అట్టి కుటుంబము. ఆయన మక్కలు పండించును.

మక్కల సంగతి మీకు నేను చెప్పవలసినది లేదు. కంకులు కోసినప్పుడు గింజలో తేమ మెండుగా నుండును. నూటికి 14 పాళ్లకు మించని తేమవరకు ఎండనిదే గింజ నిలువయుండదు, బూజు పట్టును. పూర్వము బండలమీదను, కళ్లములోను ఆరబోసెడివారు. ఇప్పుడు కొందరు తారురోడ్డుమీదనే ఆరబోయుచున్నారు. అది ప్రమాదమని అందరికి తెలియును, వేరు చోటు లేక చేయుదురు. కోతల కాలమున ముసురు పట్టినచో రైతు పట్టాలు కప్పుచు, తీయుచు రాత్రింబవళ్లు మేలుకొని యుండవలసినదే. ఈ బాధ తప్పించుటకు, నేను యంత్రవిద్య నేర్చినవాడను గనుక, ఒక గాలిపెట్టె చేయింతునని చిన్నాయనతో అంటిని. పెద్ద రేకు పెట్టె. దాని అడుగున సన్నని రంధ్రములు గల రేకు. ఆ రేకు క్రిందికి ఒక పంకా గాలిని తోయును. గాలి గింజలసందున పైకి పోవుచు తేమను వెంట తీసికొనిపోవును. ఇంతే దాని నిర్మాణము.

పంకా అనగా ఇంటి కప్పునకు వ్రేలాడునది కాదు. నత్తగుల్లవంటి రేకుడొల్లలో ఒక చక్రము తిరుగుచుండును. చక్రము అంచున చుట్టును రెక్కలుండును. గాలి నడుమ రంధ్రమునుండి లోనికి వచ్చి, రెక్కలచే చుట్టు త్రిప్పబడి, అంచువైపు విసరబడి, డొల్లమూతినుండి బయటికి పోవును. నడుమనుండి అంచునకు పోవునట్లు విసరునది గనుక దీనిని అపకేంద్ర పంకా అందురు. కొలిమి పంకా ఇట్టిదే. మన బోరుబావులలోని మోటారు పంపులును ఈ జాతివే. అందులో గాలికి బదులు నీరు. ఇట్టి చక్రము తిరుగుటకు ఇరుసునొద్ద ఎంత మెలిబలము పెట్టవలెనో దానిని యంత్రకారులు టార్కు అందురు. నేను త్రిప్పుబలమనియే చెప్పుదును. ఒక మీటరు పొడవుగల కర్రకొనకు సుమారు 100 గ్రాముల బరువు వ్రేలాడదీసినచో, ఆ కర్ర మొదట పుట్టు మెలిబలము ఒక న్యూటన్ మీటరు. ఈ కొలత కొంచెము గుర్తుంచుకొనుడు.

పంకా చేయించుటకు ముందు దానిని గణనయంత్రములో నడిపించి చూచితిని. ఈ కాలమున యంత్రమును ఇనుముతో చేయకమునుపే, కంప్యూటరులో దాని ఆకారము గీసి, అందులో గాలి ఎట్లు పోవునో లెక్కగట్టవచ్చును. దానిని సిమ్యులేషను అందురు, అనుకరణ యనుకొనవచ్చును. పెట్టెనిండ మక్కలున్నప్పుడు సెకనుకు ఎంత గాలి పోవునో అంచనా వేసి, ఆ పారుదలకు త్రిప్పుబలము లెక్కగట్టితిని. ఒక అశ్వబలము మోటారు సరిపోవునని తేలినది. పట్టికలో ఇంకను క్రింది వరుసలుండెను. గాలి హెచ్చినకొలది త్రిప్పుబలమును హెచ్చుచున్నట్లు అవి చూపినవి. నాకది తలక్రిందులుగా తోచినది. దారి సులువైనప్పుడు పని తేలికకావలెను గదా, బరువేల యగును? లెక్కలో ఎక్కడో నేను తప్పుచేసి యుందును, అయినను నాకు కావలసినది మొదటి వరుస మాత్రమే యని తలంచి, క్రింది వరుసలను కొట్టివేసితిని. మోటారుకు భారము మించినప్పుడు తనంతట కరెంటు తెంపివేయు రిలే ఒకటి పెట్టుమని పనివాడు చెప్పగా, ఖర్చు తగ్గునని వద్దంటిని. ఈ రెండు పనులును నావే.

పెట్టె తయారైనది. మక్కలు నింపి పంకా వేసినాము. రాత్రియంతయు చక్కగా నడిచినది. మోటారుమీద చేయి పెట్టినచో గోరువెచ్చగా నుండెను. మరునాటి మధ్యాహ్నమునకు అడుగుపొర ఎండినది. గాలి తొలుత తగులునది అడుగుననే గదా. క్రింది తలుపు తీసి ఎండిన గింజను సంచులకెత్తి, తలుపు మరల బిగించిరి. పైన మిగిలిన పచ్చిగింజ క్రిందికి దిగినది. దానికి గాలి తగులవలెనని పంకాను ఆపలేదు. ఇప్పుడు పెట్టెలో సగమే గింజ. పంకాకు పని సగమైనదని అందరము సంతోషించితిమి. గంటలోపల మోటారు కాలి, వార్నీషు కమురువాసన వాకిలియంత నిండినది.

చిన్నాయన నన్ను కోపపడలేదు. ఒక్క మాట మాత్రము అడిగెను. "గంతసేపు నిండుగున్నప్పుడు నడిచింది గద, ఖాళీ అయినంక కాలుడేందిరా?" నాయొద్ద జవాబు లేదు. ఆ సాయంకాలమే ముసురు పట్టి మూడుదినములు విడువలేదు. మోటారు మరల చుట్టించి తెచ్చునప్పటికి మిగిలిన మక్కలకు బూజు వచ్చినది. అడ్తిదారు పిడికెడు గింజ తీసి వాసన చూచి, ధర సగమునకు దించెను.

ఆ దినములలోనే ఒకనాడు ఊరి కొలిమికి పోయితిని. మా కమ్మరి పెద్దవాడు. నేను తాతా యని పిలుతును. పూర్వము ఆయన తండ్రికి తోలుతిత్తి యుండెను. తరువాత చేతితో త్రిప్పు పంకా వచ్చినది. పెద్దచక్రమునకు పిడి, దానినుండి చిన్నచక్రమునకు వేగము. కొలిమి అడుగున ఇనుపగొట్టము. ఆనాడు పారకు పదును పెట్టించుకొనుటకు వచ్చినవారు త్రిప్పుచుండిరి. నేను కాలిన మోటారు సంగతి చెప్పగా, తాత పట్టకారు క్రింద పెట్టి, గొట్టము ఊడదీసి, పిడి నాచేతికిచ్చెను. త్రిప్పుమనెను. త్రిప్పితిని. అప్పుడాయన పంకా మూతిమీద తన అరచేయి అదిమెను.

పిడి ఒక్కసారిగా తేలికయైనది. చేయి జారి ముందుకు పోయినట్లయినది. ఆయన అరచేయి తీసెను. పిడి మరల బరువైనది. చేయి పెట్టెను, తేలిక. నేను వెర్రివానివలె పదిసారులు త్రిప్పి చూచితిని. తాత నవ్వి, "మూతి మూసినంక దానికి పనేముంటది బిడ్డా? ఉన్న గాలే లోపల గిర్రున తిరుగుతుంటది. బయటికి పొయ్యేటి గాలికే జోరు గావాలె," అనెను. ఆయన బడికి పోయినవాడు కాడు. కాని ఆ రెండుమాటలలో ఈ శాస్త్రము మూడుపాళ్లు వచ్చినది. మిగిలిన ఒక పాలు నేను చెప్పవలసియున్నది.

మీలో పెక్కుమంది చిన్ననాట జొన్నచేలలో మంచెయెక్కి వడిసెల త్రిప్పియుందురు. వడిసెలలో రాయి పెట్టి గిరగిర త్రిప్పి విడుచుదురు. రాతికి వేగము నెక్కించువరకే చేతికి శ్రమ. వేగము వచ్చిన పిదప రాయిని విడువక అట్లే త్రిప్పుచుండినచో, చేతికి పెద్ద పని లేదు. గాలిరాపిడికి తగినంత మాత్రము చాలును. రాయి విడిచి, మరియొకటి పెట్టి, దానికి మొదటినుండి వేగమెక్కించి, మరల విడుచుచుండినచో శ్రమ. నిమిషమునకు ఎన్ని రాళ్లు విసరితిరో అంత శ్రమ. పంకాయును గాలిని విసరు వడిసెలయే. మూతి మూసినప్పుడు లోపలిగాలి ఎప్పటికి విడువని రాయివలె చక్రముతో కూడ తిరుగుచుండును. మూతి తెరచినప్పుడు ప్రతిక్షణము నిశ్చలముగానున్న క్రొత్తగాలి లోనికి వచ్చును. దానికి చుట్టుతిరుగు వేగమును చక్రమే క్రొత్తగా ఎక్కింపవలెను. ఎంత గాలి పోవునో అంత త్రిప్పుబలము.

సైకిలు పంపులో ఇట్లు కాదు. అందులో మన చేయి గాలిని ఒక గదిలో బంధించి నొక్కును. దారి మూసినచో నొక్కుడు పెరుగును. పంకాలో గాలిని ఎవరును బంధింపరు. వచ్చిన దారినే వెనుకకు జారిపోవుటకైనను, ఉన్నచోటనే సుడి తిరుగుటకైనను దానికి స్వేచ్ఛ కలదు. పెద్ద హోటళ్లలో నేల శుభ్రముచేయు వాక్యూమ్ క్లీనరును చూచినవారుందురు. దాని గొట్టమునకు గుడ్డ అడ్డుపడినప్పుడు మోటారు కీచుమని హెచ్చుస్వరముతో మ్రోగును. పాపము, యంత్రము కష్టపడుచున్నదనుకొందుము. నిజమునకు గాలి పోక భారము తగ్గి, అది వేగముగా తిరుగుచున్నది.

ఈ ధర్మమును సూత్రముగా వ్రాసినవాడు స్విట్జర్లాండు దేశమున పుట్టిన లియొనార్డు ఆయిలర్ అను గణితవేత్త. 1707లో జన్మించి 1783లో మరణించెను. చివరి యేండ్లలో కన్నులు పోయినను నోటితో చెప్పి గణితము వ్రాయించిన మహానుభావుడు. 1750 ప్రాంతముల నీటిచక్రములను గూర్చి ఆయన చేసిన విచారమే నేటి పంపులకు, పంకాలకు, విమానయంత్రములకును ఆధారము. ఆయన చెప్పినది మన మాటలలో ఇది: సెకనుకు పోవు గాలి బరువును, చక్రపు అంచున ఆ గాలికి వచ్చిన చుట్టువేగముతోను, అంచునకు ఇరుసునకు గల దూరముతోను గుణింపుడు. లోనికి వచ్చునప్పుడే గాలి తిరుగుచు వచ్చినచో ఆ భాగమును తీసివేయుడు. మిగిలినదే త్రిప్పుబలము.

ఇప్పుడు మా పంకా లెక్క వినుడు. చక్రము అడ్డుకొలత 40 సెంటీమీటర్లు. వెడల్పు 10 సెంటీమీటర్లు. నిమిషమునకు 1440 చుట్లు. అప్పుడు అంచు సెకనుకు సుమారు 30 మీటర్ల వేగముతో పరుగెత్తును. మా ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల యెత్తున నున్నది గనుక గాలి కొంత పలుచన. ఘనమీటరు గాలి 1.1 కిలోగ్రాములు తూగుననుకొందము. రెక్కలు ఇరుసునుండి తిన్నగా అంచువైపు నిలిచియున్నచో, సెకనుకు అర ఘనమీటరు గాలి పోవునప్పుడు త్రిప్పుబలము 3.3 న్యూటన్ మీటర్లు. ఒక ఘనమీటరు పోవునప్పుడు 6.6. గాలి రెట్టింపు, బలమును రెట్టింపు. లోపలి రాపిడి, సందులగుండ కారిపోవు గాలి మొదలైన నష్టములను విడిచి చేసిన చేతిలెక్క యిది. దారి చూపుటకు చాలును.

కాని మా పంకా రెక్కలు తిన్ననివి కావు. తిరుగుడు వైపునకే కొనలు వంచినవి. అంగడిలో అవియే చౌక. చిన్న డొల్లలో ఎక్కువ గాలినిచ్చును. అట్టి రెక్క గాలిని తన అంచుకంటెను వేగముగా ముందుకు చిమ్మును. గాలి హెచ్చినకొలది ఆ చిమ్ముడును హెచ్చును. కావున రెండువైపుల దెబ్బ. అంచునొద్ద రెక్క వాలు 40 డిగ్రీలనుకొని లెక్కించినచో, అర ఘనమీటరు గాలికి 3.8 న్యూటన్ మీటర్లు, ఒక ఘనమీటరుకు 8.7. గాలి రెండింతలైనప్పుడు త్రిప్పుబలము రెండింతలకంటె ఎక్కువయైనది. మోటారు శక్తిగా చెప్పినచో, మొదటిది సుమారు 580 వాట్లు, రెండవది 1300 వాట్లకు పైమాట. ఒక అశ్వబలము మోటారు ఇవ్వగలది 746 వాట్లు. పెట్టె నిండుగా నున్నప్పుడు గింజపొర అడ్డుపడి గాలి తక్కువగా పోయినది. మోటారు చల్లగా నడిచినది. పెట్టె సగమైనప్పుడు అడ్డు తగ్గి గాలి విరివిగా పోయినది, మోటారు కాలినది. చిన్నాయన ప్రశ్నకు ఇదియే జవాబు. ఆయనకు నేనిది చెప్పినప్పుడు ఆయన అడిగిన రెండవ ప్రశ్న: "మరి ఇది నీ కంప్యూటరుకు ముందుగాల తెల్వదా?"

తెలియును. అదియే నాకు సిగ్గు. కొట్టివేసిన క్రింది వరుసలలో సరిగా ఇదే యున్నది. కావున ఆ అనుకరణ ఎట్లు జరుగునో, దానిని ఎప్పుడు నమ్మవలెనో కొంచెము చెప్పుదును.

పూర్వము పట్వారీలు ఊరిభూమిని సర్వే నంబర్లుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు లెక్క వ్రాసియుంచెడివారు. కంప్యూటరును అట్లే, పంకా లోపలి చోటునంతయు లక్షలకొలది చిన్నగదులుగా విడదీయును. ప్రతి గదికి, ఎంత గాలి వచ్చినది, ఎంత పోయినది, పక్కగది దానిని ఎంత నెట్టినది, ఎంత రాపిడి పెట్టినది అని ఖాతా వ్రాయును. ద్రవముల నడకకు 1822లో నేవియర్ అను ఫ్రెంచివాడును, 1845లో స్టోక్స్ అను వాడును వ్రాసిన సూత్రములే ఆ ఖాతాకు చట్టము. ఒక గదిలో పోయిన లెక్క పక్కగదిలో వచ్చిన లెక్కతో కుదురువరకు తిరిగి తిరిగి సరిచూచును. ఇంత గాలి పోవుచున్నది, చక్రము ఇంత వేగముగా తిరుగుచున్నది అని ముందుగా మనము చెప్పుదుము. కుదిరిన పిదప, రెక్కలమీది ప్రతి చిన్న తునుకను గాలి ఎంత బలముతో ఎదురునెట్టుచున్నదో చూచి, ఇరుసునకు దాని దూరముతో గుణించి, అన్నిటిని కూడును. వచ్చిన మొత్తమే త్రిప్పుబలము.

ఇచ్చట ఒక మెలకువ కలదు. ఆ మొత్తమును ఇంకొక దారిని కూడ కనుగొనవచ్చును. రెక్కలను చూడనక్కరలేదు. చక్రములోనికి వచ్చు గాలికి చుట్టువేగమెంత, బయటికి పోవు గాలికెంత అని కొలిచి, ఆయిలర్ సూత్రము వేసినచో చాలును. గాదెలో ఎంత ధాన్యము తగ్గినదో చూచుట యొక దారి. వాకిట ఎన్ని సంచులు పోయినవో లెక్కించుట మరియొక దారి. రెండును సరిపోయినచో లెక్కమీద అనుమానము పెట్టుకొనవలసిన పని అంతగా లేదు. సరిపోనిచో గదుల విభజన ముతకగా నుండుటయో, లెక్క కుదరకముందే ఆపుటయో, ఏదో లోపమున్నదన్న మాట. నేను ఈ రెండవ దారి లెక్క అప్పుడు చేయనేలేదు. మోటారు కాలిన తరువాత చేసితిని. రెండును దగ్గరదగ్గరగా సరిపోయినవి. యంత్రము తప్పుచెప్పలేదు. నాకు ముందే ఏర్పడిన అభిప్రాయమునకు విరుద్ధముగా చెప్పినది, అంతే.

అట్లని దాని మాట అంతయు వేదవాక్యము కాదు. మూతి దాదాపు మూసినప్పటి వరుసలను నేను నేటికిని అనుమానముతోనే చూచెదను. గాలి పోక లోపల సుడులు పుట్టి, పుట్టినవి విరిగి, క్షణక్షణము మారుచుండును. నిలుకడగా నున్నదనుకొని చేయు లెక్క అచ్చట నిలువదు. ఆయిలర్ చేతిలెక్క ప్రకారము గాలి సున్న యైనచో త్రిప్పుబలమును సున్న కావలెను. కాని కొలిమి పంకా మూతి మూసినను పిడి పూర్తిగా తేలిక కాలేదు గదా! చక్రపు పళ్లెము గాలిని రాచుకొనుట, అంచునొద్ద గాలి బయటికిపోయి మరల లోనికి జారుట, బేరింగుల రాపిడి, ఇవి మిగిలియుండును. ఆ మిగులు ఎంతయో తెలిసికొనవలెనన్నచో కంప్యూటరుకంటె మోటారు తీగకు తగిలించి చూచు అమ్మీటరే మేలు.

ఇక రెక్కల మాట. కొనలను తిరుగుడునకు వ్యతిరేకముగా, వెనుకకు వాల్చిన రెక్కలు కూడ కలవు. వీటిలో గాలి హెచ్చినకొలది అది రెక్కమీద వెనుకకు జారిపోవును. దానికి వచ్చు చుట్టువేగము తగ్గును. అదే కొలతల చక్రమునకు వెనుకవాలు రెక్కలు పెట్టి లెక్కించినచో, అర ఘనమీటరుకు 2.8 న్యూటన్ మీటర్లు. ఒక ఘనమీటరుకు 4.5, సుమారు 1.6 ఘనమీటర్లయొద్ద 5.3 వరకు పోయి, ఆపైన గాలి ఎంత హెచ్చినను త్రిప్పుబలము తగ్గుటయే కాని పెరుగుట లేదు. అనగా ఈ పంకాకు ఒక గరిష్ఠమున్నది. ఆ గరిష్ఠమునకు తగిన మోటారును పెట్టినచో, పెట్టె నిండినను, ఖాళీయైనను, తలుపు తెరచిమరచినను మోటారు కాలదు. గుణమంతయు దీనిదే యని చెప్పరాదు. అంతే ఒత్తిడి రావలెనన్న చక్రము కొంచెము పెద్దది కావలెను, ధర హెచ్చు, రేకుపని నేర్పుతో చేయవలెను.

గాలిపంకాలు నిన్నటివి కావు. 1556లో అచ్చయిన అగ్రికోలా గనులగ్రంథములోనే, భూమి లోపలికి గాలి పంపుటకు మనుష్యులు త్రిప్పు పంకాల బొమ్మలున్నవి. నేడు మన సింగరేణి గనులలోనికిని పంకాలవలననే గాలి పోవుచున్నది. విమానాశ్రయమువంటి పెద్దభవనములలో చల్లగాలిని గదిగదికి తోయునవియు పంకాలే. అట్టిచోట్ల గాలిగొట్టమునకున్న రేకుతలుపును మూసినకొలది కరెంటు తగ్గుట అచ్చటి పనివారికి అనుభవమే.

మీకు దీనితో నిత్యము పనిబడునది బోరుబావియొద్ద. బోరులో దించు సబ్‌మెర్సిబుల్ పంపు, ఒకదానిమీద నొకటి పేర్చిన పలు అపకేంద్ర చక్రముల కట్ట. ఎంత లోతునుండి ఎంత నీరు తోడవలెనో దానికి తగినట్లు చక్రములుండును. చాల లోతునకు చేసిన పంపును తక్కువ లోతుగల బోరులో దించినారనుకొనుడు. లేదా వానలు బాగుగా పడి నీరు పైకి వచ్చినదనుకొనుడు. ఎత్తు తగ్గినది గనుక మోటారుకు సుఖమని తోచును. అడ్డు తగ్గి నీరు విరివిగా వచ్చును. నీరు హెచ్చినకొలది చాలవరకు ఇట్టి పంపులలో త్రిప్పుబలమును, కరెంటును హెచ్చును. మోటారు కాలిన రైతు, "నీళ్లు మంచిగ పోస్తుండంగనే కాలింది" అని ఆశ్చర్యపడుట నేను విన్నాను. అందులో ఆశ్చర్యము లేదు. గొట్టము తలయొద్ద వాల్వు కొంచెము త్రిప్పి నీటిని తగ్గించినచో కరెంటు దిగును. స్టార్టరు పెట్టెలోని అమ్మీటరు ముల్లు చూచుచు వాల్వు త్రిప్పి మీరే పరీక్షింపవచ్చును. మోటారు పలకమీద వ్రాసిన ఆంపియర్లకు ముల్లు లోపల నుండవలెను.

అయితే వాల్వు పూర్తిగా మూసి నడుపవలదు. త్రిప్పుబలము తక్కువే యైనను, ఆ శక్తి యంతయు లోపలినీటిని కాచుటకే పోవును. బోరుమోటారు చల్లబడుట తన ప్రక్కగా పోవు నీటివలననే గనుక, నీరు కదలనిచో వేడి పోవు దారి లేదు. మొదలుపెట్టునప్పుడు క్షణకాలము మూసియుంచి మెల్లగా తెరచుట వేరు. మూసి మరచి ఇంటికి పోవుట వేరు.

ఇంకొక హెచ్చరిక. నేను చెప్పినదంతయు నడుమనుండి అంచునకు విసరు చక్రములకే. కాలువలనుండి తక్కువ యెత్తునకు చాల నీరు తోడుటకు, పడవ వెనుకనుండు రెక్కలవంటి రెక్కలుగల పంపులు కొన్ని యుండును. నీరు ఇరుసువెంటనే తిన్నగా పోవును. వాటిలో వాల్వు మూసినప్పుడే త్రిప్పుబలము హెచ్చు. వాటిని తెరచియే మొదలుపెట్టవలెను. రెండు జాతులను ఒకటే యనుకొని ఒకదాని నియమము రెండవదానికి పెట్టినచో మరల మోటారు కాలును.

మా చిన్నాయన గాలిపెట్టె సంగతి చెప్పి ముగింతును. మరుసటి పంటకు వెనుకవాలు రెక్కల చక్రము, కొంచెము పెద్దది, చేయించితిని. ఈసారి పట్టికలోని మొదటి వరుసను కాక, అన్నిటికంటె పెద్ద సంఖ్యను చూచి రెండు అశ్వబలముల మోటారు తెచ్చితిని. రిలే పెట్టించితిని. పంకా మూతియొద్ద ఒక రేకుతలుపు అమర్చి, దానిని మూసి మీట వేసి, మోటారు వేగము అందుకొనిన పిమ్మట మెల్లగా తెరచుట నేర్పితిని. చిన్నాయన మొదటిదినము రేకుతలుపును మూయుచు, తెరచుచు అమ్మీటరు ముల్లు లేచుట, దిగుట చాలసేపు చూచెను. పిదప కమ్మరితాతను పిలిపించి చూపెను. తాత ముల్లును ఒకసారి, నన్ను ఒకసారి చూచి, "అరచెయ్యికి బదులు రేకు వెట్టినవు, మంచిదే," అని, గింజ ఎంతవరకు ఎండినదో చూచుటకు పెట్టెలో చేయి పెట్టెను.